ఎండలో కూడా జాకెట్ తీయట్లేదు మా అమ్మాయి

సన్నజాజి
మా పాపకి 11 ఏళ్ళు, ఆరో తరగతి. రెండు నెలలుగా రోజూ జాకెట్ వేసుకునే స్కూలుకి వెళ్తోంది. బయట ఎండ మండిపోతున్నా తీయదు. సాయంత్రానికి చెమటతో తడిసి ముద్దయి ఇంటికొస్తుంది. మొదట్లో ఏదో సరదా అనుకున్నాను. తర్వాత చూస్తే నడక కూడా మారింది. భుజాలు ముందుకి వంచి, పుస్తకాల సంచీని వీపున కాకుండా గుండెలకి హత్తుకుని నడుస్తోంది. పీటీ పీరియడ్ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. పరుగుపందెంలో ఎప్పుడూ ముందుండే పిల్ల ఇది.

నిన్న రాత్రి పక్కన పడుకుని మెల్లగా అడిగితే అప్పుడు చెప్పింది. క్లాసులో అందరికంటే తనే పొడుగు. ఛాతీ ఎదగడం కూడా అందరికంటే ముందు తనకే మొదలైంది. కొందరు "ఆంటీ" అని పిలుస్తున్నారట. దానికి తోడు రెండు నెలల కిందట స్కూల్లో ఎత్తు, బరువు చూశారు. పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, ఒకరు బరువు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు రాసుకున్నారట. దీని అంకె చదవగానే వెనక ఎవరో నవ్వారు. ఆ మర్నాటి నుంచే జాకెట్.

నేను వెంటనే "ఇది అందరికీ జరిగేదే తల్లీ, ఈ మాత్రానికే ఇంత బాధా?" అన్నాను. అంతే, గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున్న నాతో మాట్లాడకుండానే బడికి వెళ్ళిపోయింది. నేను ఏ మాట తప్పుగా అన్నానో తెలియట్లేదు. మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి? ఇలాంటిది ఇంట్లో చూసినవాళ్ళు చెప్పండి.

కాకిపిల్ల
మీ పోస్టు చదువుతుంటే నన్ను నేను చూసుకున్నట్టే ఉంది. నాకిప్పుడు 24. నాకు పదో ఏటే మొదలైంది, క్లాసులో నేనే మొదటిదాన్ని. అందుకని ఆ "అందరికీ జరిగేదే" అన్న మాట ఎందుకు గుచ్చుకుంటుందో చెప్పగలను. ఆ క్లాసులో ఈ రోజుకి అది అందరికీ జరగలేదు. తనొక్కదానికే జరిగింది. అమ్మ అందరికీ అంటోంది, కళ్ళతో చూస్తే ఎవ్వరికీ లేదు. అంటే అమ్మకి నా సంగతి అర్థం కాలేదు అనిపిస్తుంది. నాకు అలాగే అనిపించింది.

ఇంకొకటి. జాకెట్ లాక్కోకండి, దాని గురించి అడక్కండి కూడా. ప్రస్తుతం ఆ పిల్లకున్న తలుపు అదొక్కటే. ముందు లోపల వేసుకోవడానికి మెత్తటి కాటన్‌వి, స్పోర్ట్స్ బ్రాలాంటివి రెండు మూడు కొని తన బట్టల్లో పెట్టి ఊరుకోండి. నేను ఏడాదిన్నర పాటు రెండు బనియన్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని తిరిగాను. ఫలానాది కావాలి అని అమ్మని అడగడానికి నోరు రాలేదు.

వాళ్ళమ్మని
కాకిపిల్ల చెప్పిందే చెయ్యండి. మా పెద్దదానికీ సరిగ్గా ఇదే. పరిగెత్తితే నొప్పిగా ఉంటోందని పీటీ ఎగ్గొట్టేది. నేను బద్ధకం అనుకుని తిట్టాను కూడా. ఎదుగుతున్నప్పుడు అక్కడ ముట్టుకుంటేనే నొప్పిగా ఉంటుందని నాకే గుర్తులేదు.

పాతకాలపు_మనిషి
నాకు 68. మా రోజుల్లో ఇవేవీ ఎవరూ మాట్లాడలేదు. అందరం పెరిగాం, పెళ్ళిళ్ళు చేసుకున్నాం, పిల్లల్ని పెంచాం. ఇప్పుడు ప్రతిదాన్నీ పెద్ద సమస్య చేసి పిల్లల్ని సుకుమారంగా తయారు చేస్తున్నారని నా అభిప్రాయం. నాలుగు రోజులు పట్టించుకోకుండా ఉంటే తనే తీసేస్తుంది.

కాకిపిల్ల
పట్టించుకోకుండా ఉంటే తీసేయలేదండీ. నేను తొమ్మిదో తరగతి దాకా తీయలేదు. ఆ మూడేళ్ళూ ఆటలు పోయాయి.

నిద్రలేని_నాన్న
అమ్మాయిల సంగతే అనుకోకండి. మా వాడికి 13. ఈతంటే ప్రాణం పెట్టేవాడు, ఉన్నట్టుండి మానేశాడు. బలవంతం చేస్తే చొక్కాతోనే నీళ్ళలోకి దిగుతానన్నాడు. నీళ్ళంటే భయం పట్టుకుందేమో అనుకున్నాను. నెల తర్వాత వాళ్ళ అమ్మతో ఏడుస్తూ చెప్పాడట, "నాకు ఆడపిల్లలాగా ఛాతీ వస్తోంది, నాకేదో జబ్బు ఉంది" అని. ఒక వైపు చనుమొన కింద చిన్న గట్టి బిళ్ళలా ఉంది. నెలరోజులు ఆ భయం ఒక్కడే మోశాడు. రాత్రుళ్ళు దుప్పటి కింద ఫోన్లో జబ్బుల పేర్లు వెతుక్కునేవాడట.

పిల్లల_డాక్టరు
నిద్రలేని నాన్నగారూ, మీ అబ్బాయిలాంటి వాళ్ళు నా దగ్గరికి తరచూ వస్తారు. ఎదిగే వయసులో మగపిల్లల్లో సుమారు సగం మందికి, కొన్ని లెక్కల్లో అంతకన్నా ఎక్కువ మందికి, అలా కొద్దిగా వస్తుంది. హార్మోన్ల పాళ్ళు ఇంకా కుదురుకోకపోవడం వల్ల వచ్చేదే. ఎక్కువ మందిలో ఆరు నెలల నుంచి రెండేళ్ళలోపు దానంతటదే పోతుంది. బాగా పెద్దదవుతున్నా, ద్రవం కారినా, రెండేళ్ళు దాటినా చూపించాలి. క్లాసులో సగం మంది మగపిల్లలకి ఉన్నా ఒక్కడూ ఇంకొకడికి చెప్పడు. అందుకే ప్రతివాడూ తనొక్కడికే అనుకుంటాడు.

సన్నజాజిగారూ, మీ పాప విషయం. ఆడపిల్లల్లో ఎదుగుదల 8 నుంచి 13 ఏళ్ళ మధ్య ఎప్పుడైనా మొదలవ్వచ్చు, మగపిల్లల్లో 9 నుంచి 14 మధ్య. ఒకే క్లాసులో ఒకే ఏడాది పుట్టిన పిల్లల్లో ఒకరికి మొదలవ్వడానికీ ఇంకొకరికి మొదలవ్వడానికీ మధ్య ఐదేళ్ళు తేడా ఉండొచ్చు. రెండూ మామూలే. మీ పాపది మామూలు వయసే. ఎత్తు కూడా అంతే. ఆడపిల్లలు మగపిల్లల కంటే సుమారు రెండేళ్ళు ముందు ఒక్కసారిగా పొడుగవుతారు. అందుకే ఆరు, ఏడు తరగతుల్లో వరసలో వెనక నిలబడేది ఆడపిల్లలే. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మగపిల్లలు దాటేస్తారు.

వాళ్ళమ్మని
డాక్టరుగారూ, రెండో వైపు ఇంకా రాలేదని మా చిన్నది కంగారు పడుతోంది. ఒక వైపే ఉంది. నిజంగా ఇది మామూలేనా?

పిల్లల_డాక్టరు
మామూలే. ఒక వైపు ముందు మొదలై, నెలల తర్వాత రెండోది రావడం చాలామందిలో ఉంటుంది. పెద్దయ్యాక కూడా రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. ఈ మాట పిల్లకి చెప్పండి. అడగదు గానీ వినాలని ఉంటుంది.

పుస్తకాలపురుగు
పిల్లలకి ఎవరూ చూడనిది కూడా అందరూ చూస్తున్నట్టు ఎందుకు అనిపిస్తుందన్న దాని మీద డేవిడ్ ఎల్‌కిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో రాశాడు. ఈ వయసు పిల్లలు తమ చుట్టూ ఎప్పుడూ ఒక ప్రేక్షక సమూహం ఉన్నట్టు ఊహించుకుంటారని ఆయన మాట. తన మనసు తన మొటిమ మీదే ఉంది కాబట్టి ఎదుటివాడి మనసు కూడా ఆ మొటిమ మీదే ఉందనుకుంటారు. నిజానికి ఎదుటివాడు తన గొంతు గురించి దిగులుపడుతూ ఉంటాడు.

కాకిపిల్ల
బాగుంది గానీ సన్నజాజిగారి పాపాయి విషయంలో ఊహించుకున్న ప్రేక్షకులు కాదు. నిజంగానే నవ్వారు, నిజంగానే ఆంటీ అన్నారు. "నీ ఊహ" అంటే ఇంకా ముడుచుకుంటుంది.

పుస్తకాలపురుగు
నిజమే, ఒప్పుకుంటున్నాను. ఒక్కరు నవ్వితే క్లాసంతా నవ్వినట్టు వినిపిస్తుంది అనాల్సింది.

లెక్కల_మాస్టారు
నేను 22 ఏళ్ళుగా ఉన్నత పాఠశాలలో చెప్తున్నాను. ఎత్తు, బరువు చూసే సంగతి మీద ఒక మాట. అది పిల్లల మంచికే చేస్తారు. వయసుకి తగ్గట్టు పెరగని పిల్లల్ని, ఒంట్లో బాగాలేని వాళ్ళని అలాగే పట్టుకుంటాం. ఒక పూటలో వందల మందిని చూడాలి, అందుకని ఒకరు చదవడం, ఒకరు రాయడం. అవమానించాలని ఎవరూ చేయరు. నేనూ ఎన్నో ఏళ్ళు అలా చదివాను.

వాళ్ళమ్మని
మాస్టారూ, మీ ఉద్దేశం మంచిదే. కానీ మీ బరువు స్టాఫ్ రూములో గట్టిగా చదివితే మీరు ఊరుకుంటారా? 40 మంది ముందు పిల్ల బరువు చదవడంలో మంచి ఏముంది? మీరు చదివే అంకె కాగితం మీద ఒక్క నిమిషం ఉంటుంది, ఆ పిల్ల తలలో పదేళ్ళు ఉంటుంది. నాది ఏడో తరగతిలో చదివారు. ఆ అంకె ఇప్పటికీ చెప్పగలను.

మూడో_బెంచి
నాది కూడా గుర్తుంది. నాది తక్కువని నవ్వారు. ఎక్కువైనా నవ్వే, తక్కువైనా నవ్వే.

గాలిపటం_14
నేను రాయచ్చో లేదో తెలీదు, నాకు 14, తొమ్మిదో తరగతి. మా క్లాసులో నేనే పొట్టి. అమ్మాయిలందరి కంటే కూడా. అందరి గొంతులూ మారిపోయాయి, నాది ఇంకా చిన్నపిల్లాడిలాగే ఉంది. ఫోన్ ఎత్తితే "అమ్మకి ఇవ్వు పాపా" అంటారు. అందుకే ఎత్తడం మానేశాను. ప్రేయర్‌లో ఎప్పుడూ నన్ను ముందు నిలబెడతారు. తలుపు మీద గీతలు పెట్టుకుని రోజూ చూసుకుంటున్నాను, కదలట్లేదు. నేను ఇంక పెరగనా?

మోడరేటర్
గాలిపటం బాబూ, నిక్షేపంగా రాయి. నీ పేరు, స్కూలు, ఫోటో మాత్రం ఇక్కడ పెట్టకు. పెద్దలందరికీ కూడా: పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు వద్దు. ఈ అబ్బాయికి ఎవరూ విడిగా మెసేజ్ పెట్టకండి, చెప్పేది ఇక్కడే చెప్పండి.

మూడో_బెంచి
తమ్ముడూ, నీ వయసులో నేనూ నీలాగే ఉండేవాడిని. గ్రూప్ ఫోటోలో మునివేళ్ళ మీద నిలబడేవాడిని. అందరూ గడ్డాలు గీసుకోవడం మొదలుపెట్టినప్పుడు నేను అద్దం ముందు నిలబడి పెదవి పైన ఒక్క వెంట్రుకైనా కనిపిస్తుందేమోనని వెతుక్కునేవాడిని. నాకు 16 నిండాక మొదలైంది. రెండేళ్ళలో ప్యాంట్లన్నీ మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో నేనే పొడుగు.

కానీ "తర్వాత పెరుగుతావులే" అని నీతో అనను. నాతో అందరూ అదే అన్నారు, ఆ మాటతో ఆ రోజు ఏమీ తగ్గలేదు. ఒకటి మాత్రం చెప్తాను. రోజూ కొలుచుకోకు. రోజుకి పెరిగేది గీతకి దొరకదు, మనసు మాత్రం రోజూ విరుగుతుంది. పైగా పొద్దున్న ఉన్న ఎత్తు సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, రోజంతా నిలబడి కూర్చుని వెన్నుపూసల మధ్య మెత్తలు నొక్కుకుపోతాయి కాబట్టి. సాయంత్రం కొలిచి ఉంటావు.

గాలిపటం_14
అవును అన్నా, స్కూలు నుంచి వచ్చాకే కొలుస్తున్నాను.

పిల్లల_డాక్టరు
గాలిపటం బాబూ, మంచి ప్రశ్న అడిగావు. మూడు నెలలకి ఒకసారి, పొద్దున్న ఒకే వేళకి, ఒకే గోడ దగ్గర కొలుచుకుంటే చాలు. ఎత్తు పెరగడం మగపిల్లల్లో బాగా ఊపందుకునేది సగటున 13, 14 ఏళ్ళ మధ్య. కొందరిలో ఇంకా ఆలస్యం. ఎత్తు కంటే ముందు మొదలయ్యే మార్పులు కొన్ని ఉంటాయి, బయటికి కనిపించవు. 14 నిండినా ఒంట్లో ఏ మార్పూ మొదలవకపోతే డాక్టరుకి ఒకసారి చూపించుకోవాలి. భయపడి కాదు, తెలుసుకోవడానికి. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముకల వయసు తెలుస్తుంది. నీ వయసు 14 అయి ఎముకల వయసు 12 అని వస్తే, ఇంకా పెరగడానికి నీకు రెండేళ్ళ బాకీ ఎక్కువ ఉందన్నమాట. ఆలస్యంగా పెరగడం ఎక్కువగా కుటుంబంలోనే ఉంటుంది. మీ నాన్న ఎప్పుడు పొడుగయ్యారో అడిగి చూడు.

గాలిపటం_14
నాన్నని ఇవన్నీ ఎలా అడగాలి

నిద్రలేని_నాన్న
బాబూ, నాన్నలు కూడా అడగమని ఎదురుచూస్తూ ఉంటారు, మొదలుపెట్టడం వాళ్ళకీ రాదు. "నాన్నా, నువ్వు నా వయసులో ఎంత ఎత్తుండేవాడివి?" అని ఆ ఒక్క మాట అను చాలు.

పుస్తకాలపురుగు
ముందు ఎదిగినవాళ్ళూ ఆలస్యంగా ఎదిగినవాళ్ళూ ఎలా ఉంటారని 1950లో కాలిఫోర్నియాలో మేరీ జోన్స్, నాన్సీ బేలీ అనే ఇద్దరు పరిశోధకులు మగపిల్లల మీద రాశారు. ముందు ఎదిగిన అబ్బాయిలు పెద్దల కళ్ళకి నిబ్బరంగా కనిపించారు. ఆలస్యమైన వాళ్ళు కుదురు లేకుండా, నలుగురి దృష్టీ తమ మీద పడాలని తాపత్రయపడుతున్నట్టు కనిపించారు. తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఆడపిల్లలకి దాదాపు ఎదురుగా తేలింది. వాళ్ళలో ముందు ఎదిగినవాళ్ళకే కష్టం ఎక్కువ. క్లాసులో గోల చేసే పొట్టి పిల్లాడినీ, వెనక బెంచీలో ముడుచుకున్న పొడుగు పిల్లనీ చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

లెక్కల_మాస్టారు
పుస్తకాలపురుగుగారు రాసింది చదివి కాసేపు ఆగిపోయాను. గోల చేస్తున్నాడని నేను బయట నిలబెట్టిన పిల్లల్లో అలాంటివాళ్ళు ఎంతమందో.

వాళ్ళమ్మనిగారూ, మీరు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తొందర_వద్దు
ఇంతకీ ముందే చెప్పాలా వద్దా? నాకు ఆ సంగతి తేలట్లేదు. మా పాపకి ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఆదివారం కూర్చోబెట్టి అన్నీ చెప్పేశాను. ఛాతీ, వెంట్రుకలు, నెలసరి, అన్నీ, బొమ్మలతో సహా. విని విని చివరికి ఏడ్చింది. "నాకొద్దు, నేను ఇలాగే ఉంటాను" అంది. వారం రోజులు నా పక్కన పడుకుంది. చిన్నతనాన్ని ముందే లాగేసుకున్నానేమో అనిపించింది.

వాళ్ళమ్మని
ముందే చెప్పాలి, నా మాట అదే. మా అక్కకి ఎవరూ చెప్పలేదు. స్కూల్లో మొదటిసారి రక్తం చూసి చచ్చిపోతున్నాననుకుని బాత్రూములో గంటన్నర కూర్చుంది. మీ పాప ఏడ్చింది విషయానికి కాదు, అంతా ఒక్క పూటలో కుమ్మరించినందుకు. నేను మా వాళ్ళకి స్నానం చేయించేటప్పుడు ఒక మాట, బట్టలు చిన్నవైనప్పుడు ఒక మాట, అలా చెప్పాను. ఎప్పుడు చెప్పానో వాళ్ళకి గుర్తు కూడా లేదు.

తొందర_వద్దు
అలాగైతే ఒప్పుకుంటాను. మాటలు చిన్నవిగా ఉండాలి.

పిల్లల_డాక్టరు
ఛాతీ ఎదగడం మొదలైన రెండు, రెండున్నర ఏళ్ళకి సాధారణంగా మొదటి నెలసరి వస్తుంది. ఈ లెక్క తెలిస్తే ఎప్పటిలోగా చెప్పాలో మీకే తెలుస్తుంది. సంచీలో ఒక ప్యాడ్, ఒక జత లోబట్టలు పెట్టి ఉంచితే ఆ పిల్లకి సగం టెన్షన్ పోతుంది.

పాతకాలపు మనిషిగారికి కూడా ఒక సంగతి. ఉత్తర యూరప్ పాత లెక్కల్లో, 19వ శతాబ్దంలో మొదటి నెలసరి 16, 17 ఏళ్ళకి వచ్చేది. ఇప్పుడు చాలా దేశాల్లో 12, 13. అంటే ఈ మార్పులు ఇప్పుడు ఇంకా చిన్న పిల్లల మీద పడుతున్నాయి. ఒంటికి తొందరొచ్చింది గానీ మనసుకి ఇంకా పదకొండేళ్ళే.

మీసాలరాయుడి_అమ్మ
మా వాడి సంగతి చెప్తే మీరంతా నవ్వుతారు. ఆరు నెలల్లో మూడుసార్లు బూట్లు మార్చాం. ముందు పాదాలు పెరిగాయి, తర్వాత కాళ్ళు, చేతులు, ఒళ్ళు మాత్రం అక్కడే ఉంది. ప్రతి గడపకీ తగులుతాడు, గ్లాసు పట్టుకుంటే చాలు పడిపోతుంది. వాడి బూట్లలో మా చిన్నది తన బొమ్మలని పడుకోబెడుతోంది.

పిల్లల_డాక్టరు
ఆ వరసలోనే పెరుగుతారు, పాదాలు, చేతులు ముందు, మొండెం చివర. చేతులు ఎంత దూరం వెళ్తున్నాయో మెదడు మళ్ళీ లెక్క కట్టుకునేలోపు గ్లాసులు పడతాయి. "చూసి నడవరా" అని తిట్టకండి పాపం.

నిద్రలేని_నాన్న
మా ఇంట్లో ఈ వారం తిట్లు బంద్.

ఒక_అమ్మ
ఇక్కడ రాద్దామా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మాయికి 14. పన్నెండో ఏట కాస్త ఒళ్ళు చేసింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "ఎంత లావయ్యావే" అనేవాళ్ళు. ప్రేమగానే అనేవాళ్ళు. నేనూ నవ్వేసి ఊరుకునేదాన్ని. ఒక రోజు నుంచి తిండి తగ్గించేసింది. మొదట మెచ్చుకున్నాను కూడా. ఆరు నెలల్లో సగమైపోయింది, వచ్చిన నెలసరి ఆగిపోయింది, మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. ఏడాది నుంచి వైద్యం జరుగుతోంది. ఇప్పుడు కాస్త నయం. ఆ మాటలన్న వాళ్ళెవరికీ తాము అన్నట్టే గుర్తులేదు. దానికి మాత్రం ఎవరు, ఏ గదిలో, ఏ బట్టల్లో ఉండి అన్నారో అన్నీ గుర్తున్నాయి.

సన్నజాజి
అమ్మా, ఎంత కష్టం పడ్డారు. రాసినందుకు మీకు చేతులెత్తి దణ్ణం.

పిల్లల_డాక్టరు
ఒక అమ్మగారు రాసింది ప్రతి ఇంట్లోనూ చదవాలి. ఎత్తు పెరిగే ముందు ఒళ్ళు చేయడం పిల్లల్లో మామూలు. పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగం ఈ కొన్నేళ్ళలోనే వచ్చి చేరుతుంది. రావాలి కూడా. ఎముకలు గట్టిపడేదీ అప్పుడే. ఆ సమయంలో బరువు పెరగకపోతేనే నేను కంగారు పడతాను. తిండి మానేస్తున్నా, తిన్నాక దాక్కుంటున్నా, నెలసరి ఆగినా, త్వరత్వరగా తగ్గిపోతున్నా రోజులు లెక్కపెట్టకుండా తీసుకురండి. ఇది మొండితనం కాదు, జబ్బు. ముందుగా పట్టుకుంటే నయమవుతుంది.

పుస్తకాలపురుగు
మాటలే కాదు, తెర కూడా. ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అప్పటిదాకా అక్కడ నిండుగా ఉన్న ఒళ్ళే అందం. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, మూడేళ్ళ తర్వాత 1998లో ఇంకోసారి, బళ్ళో చదివే అమ్మాయిలతో మాట్లాడింది. మూడేళ్ళకే నూటికి 74 మంది అప్పుడప్పుడైనా తాము మరీ లావుగా ఉన్నామనిపిస్తోందన్నారు. అది గదిలో మూలన ఉండే ఒక్క టీవీతో. ఇప్పుడు తెర పిల్లల దిండు కింద ఉంది.

మీసాలరాయుడి_అమ్మ
మా వాడు కూడా ఫిల్టర్ పెట్టి మొటిమలు చెరిపేశాకే ఫోటో పంపుతాడు. వీడియో కాల్ ఎత్తడు. మొటిమలు మొహం కడుక్కోకపోవడం వల్ల వస్తాయని వాళ్ళ బాబాయి చెప్పాడట, రోజుకి ఆరుసార్లు సబ్బుతో తోమేస్తున్నాడు. ఇంకా ఎర్రబడింది.

పిల్లల_డాక్టరు
మురికికీ మొటిమకీ సంబంధం లేదు. హార్మోన్ల వల్ల చర్మం కింద నూనె గ్రంథులు ఎక్కువ పనిచేస్తాయి, ఆ నూనెతో రంధ్రం మూసుకుపోతుంది. పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి మెల్లగా కడిగితే చాలు. మచ్చలు పడుతుంటే మంచి మందులున్నాయి. "వయసైపోతే పోతాయిలే" అని ఊరుకోవద్దు, ఆ పిల్లాడికి ఈ రోజే కదా మొహం కావాల్సింది.

పాతకాలపు_మనిషి
రెండు రోజుల నుంచి మీరు రాసేవన్నీ చదువుతున్నాను. నిన్న నా మాట కాస్త కటువుగా ఉంది. ఒకటి చెప్పాలనిపించింది, ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు.

చిన్నప్పుడు నేను బాగా పాడేవాణ్ణి. బడిలో ఏ సభ జరిగినా నేనే పాడాలి. 13వ ఏట ఒక సభలో పాడుతుంటే పై స్థాయికి వెళ్ళగానే గొంతు చీలిపోయింది. రెండోసారి ఎత్తుకున్నాను, మళ్ళీ అంతే. పిల్లలు నవ్వారు. పర్వాలేదు, పిల్లలు. ముందు వరసలో పెద్దలు కూడా నవ్వారు. నేను గొంతు పాడుచేసుకున్నాననుకున్నాను. అది మారుతోందని, మళ్ళీ కుదురుకుంటుందని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. ఆ రోజు నుంచి పాడలేదు. 55 ఏళ్ళయింది. మా రోజుల్లో ఎవరూ మాట్లాడలేదని నిన్న గొప్పగా రాశాను. మాట్లాడి ఉంటే బాగుండేది.

పిల్లల_డాక్టరు
బాబాయిగారూ, గొంతుపెట్టె పెరిగి స్వరతంత్రులు పొడుగవుతున్నప్పుడు కొన్ని నెలలు అలా చీలుతుంది. మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగి కుదురుకుంటుంది. మీ గొంతుకి ఏమీ కాలేదు.

కాకిపిల్ల
తాతగారూ, ఇంట్లో ఎవరూ లేనప్పుడైనా ఒకసారి పాడండి.

పాతకాలపు_మనిషి
చూస్తానమ్మా.

సన్నజాజి
ఏం జరిగిందో చెప్తాను. కాకిపిల్ల చెప్పినట్టు తన బట్టల్లో మూడు పెట్టాను, ఏమీ అనలేదు. మర్నాడు ఒకటి తగ్గింది. రాత్రి పక్కన పడుకుని, "మొన్న నేను అందరికీ అన్నాను, నీ క్లాసులో ఇప్పుడు నీకొక్కదానికే కదా, నాకు తట్టలేదు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎప్పుడు ఆగుతుంది?" అని అడిగింది. డాక్టరుగారి లెక్కలు చెప్పాను. "మిగతావాళ్ళకి కూడా వస్తుందా, పక్కానా?" అంది. పక్కా అన్నాను. అప్పుడు ఇటు తిరిగింది.

ఈ రోజు పీటీకి వెళ్ళింది. జాకెట్‌తోనే పరిగెత్తిందట. రెండో స్థానం. జాకెట్ లేకపోతే మొదటిది వచ్చేదని వాళ్ళ స్నేహితురాలు అందని తనే చెప్పింది.

స్కూలుకి ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. మా పాప పేరు లేకుండా రాయచ్చా?

లెక్కల_మాస్టారు
పేరు అక్కర్లేదు. "ఎత్తు, బరువు చూసేటప్పుడు ఒక్కొక్కరినీ విడిగా పిలవండి, అంకె పైకి చదవకండి" అని రెండు వాక్యాలు చాలు. మరో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు సంతకం పెడితే ఇంకా మంచిది. మా బడిలో వచ్చే వారం చూస్తారు. గది మూలన ఒక తెర కట్టమన్నాను. అంకె చీటీ మీద రాసి మడిచి పెడతాం. టైము ఎక్కువ పడుతుందని ఇద్దరు అడ్డుచెప్పారు. పడనీ, ఒక పూట బదులు రెండు పూటలు.

వాళ్ళమ్మని
మాస్టారూ, మీ స్టూడెంట్లు అదృష్టవంతులు.

గాలిపటం_14
నాన్నని అడిగేశాను. నిద్రలేని నాన్నగారు చెప్పిన ఆ ఒక్క మాటే అన్నాను. నాన్న కాసేపు ఏమీ అనలేదు, తర్వాత బీరువాలోంచి పాత ఫోటో తీశాడు. తొమ్మిదో తరగతిది. ముందు వరసలో చివర నిలబడ్డ పొట్టివాడు నాన్నే. కాలేజీలో చేరాకే పెరిగాడట. తనని కూడా ఫోన్లో పాపా అనేవాళ్ళట. శనివారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, ఎక్స్‌రేకి. తలుపు మీద గీతలు చెరిపేద్దామంటే నాన్న వద్దన్నాడు, పక్కనే తన ఎత్తు కూడా ఒక గీత పెట్టాడు.

సన్నజాజి
శనివారం ఏమన్నారో వచ్చి రాయి నాన్నా.